రెక్క తలుపు: ఒక కవాటము కథ

తార్నాక అన్న పేరులోనే ఒక తలుపు ఉన్నది. నాకా అంటే రాకపోకలను ఆపి, చూచి, విడిచిపెట్టే చోటు. తార్ అంటే తీగ. ఒకనాడు మహలఖా బాయి చందా (1768–1824) అధీనంలో ఉండిన భూములకు తరువాతి కాలంలో తీగకంచె వేశారనీ, ఆ కంచె దగ్గరి కావలి చోటే జనం నోట తార్‌నాకా అయిందనీ ఇక్కడి పెద్దలు చెప్పుకొనే మాట. ఆ అడిక్‌మెట్ భూములలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది.

నాకా చేసే పనులు రెండే: అడ్డుకోవడం, విడిచిపెట్టడం. మనుషుల విషయంలో నాకా చేసే ఈ పనిని నీటి విషయంలో, ఆవిరి విషయంలో, ఆమ్లాల విషయంలో చేసే వస్తువును ఇంగ్లీషువారు వాల్వు అన్నారు. మన శాస్త్రగ్రంథాలు కవాటము అన్నాయి. ఆ కవాటాలలో ఒక జాతిని గురించి, అంటే కర్మాగారాల గొట్టాలలో ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు బటర్‌ఫ్లై వాల్వును గురించి నాలుగు మాటలు వ్రాయదలచాను. ఛందస్సు చెప్పుకొనే పండితునికి గొట్టాలతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చును. పని ఉన్నది. ఈ వస్తువు చరిత్రలో లోహానికి ఎంత పాలు ఉన్నదో మాటకూ అంత పాలు ఉన్నది. ఆ మాట చేరవలసిన చేతికి చేరనప్పుడు ఏమవుతుందో మన దేశమే చూచింది.

ముందుగా మాట సంగతి. సంస్కృతంలో కవాటము అన్నా కపాటము అన్నా తలుపు రెక్క. వీరుని విశాలమైన రొమ్మును కావ్యకవులు కవాటంతో పోల్చారు. ఆ రొమ్ము లోపల కొట్టుకొనే గుండెలో నిజంగానే నాలుగు కవాటాలు ఉన్నవని, అవి నెత్తురును ఒకవైపుకే పోనిస్తాయని తరువాత శరీరశాస్త్రం చెప్పింది. బడిపిల్లలు అగ్రద్వయ కవాటము, అగ్రత్రయ కవాటము అని వల్లె వేసేది వాటి పేర్లనే. ఇక ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ 'వాల్వా' అర్థమేమిటి? మడత తలుపులో ఒక రెక్క! అంటే మనవారు కవాటమన్న మాటను ఎన్నుకొన్నప్పుడు అర్థాన్ని సరిగ్గా తూచి పట్టుకొన్నారన్నమాట. పడమటి వారి తలుపూ మన తలుపూ ఒకే తీరున గొట్టంలోకి దిగాయి.

అయితే తెలుగు నేలమీద ప్రవాహానికి తలుపు పెట్టడం ఇంగ్లీషువారు వచ్చిన తరువాత మొదలైన విద్య కాదు. కాకతీయుల కాలపు చెరువులు, 13వ శతాబ్దం నాటి రామప్ప, పాకాల చెరువులు, ఈనాటికీ పొలాలకు నీరు ఇస్తున్నవి. చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో తూము అంత ముఖ్యం. పాత తూముల పనితనం చూడండి. కట్ట లోపలివైపు నీటిలో రెండు రాతి స్తంభాలు. వాటికి అడ్డంగా రంధ్రాలున్న రాతి పలకలు. ఆ రంధ్రాలగుండా నిలువుగా దిగే పొడవాటి కొయ్య. కొయ్య చివర బిరడా. అడుగున రాతిలో తొలిచిన కన్నం. కొయ్యను పైకి లాగితే కన్నం తెరచుకొని నీరు కట్ట క్రింది కాలువలోకి పోతుంది, దించితే మూసుకొంటుంది. ఇంతే యంత్రం. ఇనుము లేదు, తుప్పు లేదు. నీటిలో నానినకొద్దీ కొయ్య ఉబ్బి కన్నాన్ని ఇంకా గట్టిగా పట్టుకొంటుంది.

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండరాని ఆరు దోషాలను ఆ శాసనం లెక్కపెట్టి చెప్పింది. ఆ దోషాలలో ఒకటి కట్టనుంచి నీరు కారడం. మూయవలసిన చోట నీరు జారిపోతే చెరువు చెరువే కాదన్న ఎరుక మన పెద్దలకు ఉండేది. ఈనాడు కర్మాగారంలో వాల్వును కొనేవాడు మొట్టమొదట అడిగే ప్రశ్నా అదే: మూసిన తరువాత కారుతుందా, కారదా?

తూమును ఎత్తేది ఎవరు? తెలంగాణ పల్లెల్లో ఆయన నీరటి. కొన్ని సీమలలో నీరుకట్టు, రాయలసీమలో నీరుగంటి. మస్కూరి, తలారి వంటి గ్రామసేవకుల వరుసలోని మనిషి. ఏ మడికి ఎంత నీరు, ఏ పూట ఎవరి వంతు, వాన ముంచుకొస్తే ఎప్పుడు తూము దించాలి, మత్తడి ఎప్పుడు దూకుతుంది అన్నవి ఆయన కంటి లెక్కలు. ఆయనకు వ్రాతలో నియమావళి లేదు. తండ్రి నోటి మాటే నియమావళి. తూము అన్న మాట, దించు, ఎత్తు అన్న మాటలు ఆయన పుట్టిన భాషలోవే. వస్తువు పేరూ, పని పేరూ, పనివాడి నాలుకా ఒక్కటిగా ఉన్న కాలమది. ఈ సంగతి గుర్తుంచుకొమ్మని మనవి. చివర దీనితో పని పడుతుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. మృతులు పదిహేను వేలని అంచనా. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలువగా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి కారణాలు పరిశీలించారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నవని, వాటిలో 221 తెగిపోయాయని ఆయన లెక్క. చెరువు మీద చెరువు తెగి, నీటి మీద నీరు చేరి నగరం మీద పడింది. ఒక్కొక్క తూమును ఒక్కొక్క నీరటి చూచుకొనే ఏర్పాటు మామూలు వానకు చాలింది కాని, అసాధారణమైన వానకు చాలలేదు. అందువల్ల నగరానికి ఎగువన వరదను పట్టి ఉంచే పెద్ద జలాశయాలు కావాలన్నారు. ఆ సలహా ఫలితమే 1920లో పూర్తి అయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తి అయిన హిమాయత్‌సాగర్. మొదటిదానికి 15 వరద తలుపులు, రెండవదానికి 17. నీటిమట్టం పెరిగితే తమంత తామే తెరచుకొని, తగ్గితే తామే మూసుకొనే తలుపులను విశ్వేశ్వరయ్యగారు అంతకుముందే, 1903లో, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో పెట్టించి ఉన్నారు. తలుపు కనిపెట్టిన పెద్దలందరి కోరికా అదే: నడిరాత్రి మనిషి నిద్రపోయినా తలుపు నిద్రపోకూడదు.

చెరువు తూము నుంచి జలాశయపు తలుపుకు, అక్కడినుంచి వీధి క్రింద పాతిన గొట్టానికి వచ్చాము. గొట్టంలో మొదట చేరినది మనం గేటు వాల్వు అనేది. అది తూము వంటిదే. పలక ఒకటి పైనుంచి దిగి దారిని కోస్తుంది, పైకి లేచి దారిని విడుస్తుంది. తెరచినప్పుడు పలక పూర్తిగా పైనున్న గూటిలోకి వెళ్ళిపోతుంది కనుక ప్రవాహానికి అడ్డు ఏమీ ఉండదు. ఇది దీని సుగుణం. గొట్టం వెడల్పయిన కొద్దీ పలక బరువు, దాని గూడు ఎత్తు, దానిని ఎత్తడానికి చక్రం త్రిప్పే చుట్లు పెరిగిపోతాయి. ఇది దీని చిక్కు. కృష్ణ నుంచి, గోదావరి నుంచి ఈ నగరానికి నీరు తెచ్చే గొట్టాలలో మనిషి నిటారుగా నిలబడగల వెడల్పున్నవి ఉన్నాయి. అంతటి గొట్టానికి అంతటి పలకను, దానికి అంతటి గూటిని ఊహించుకొంటే చిక్కు తెలుస్తుంది.

రెండవ దారి బటర్‌ఫ్లై వాల్వు. ఇందులో పలక ఎక్కడికీ పోదు. గొట్టం అడ్డకోతకు సరిపోయే గుండ్రని బిళ్ళ ఒకటి గొట్టం మధ్యలోనే ఒక ఇరుసు మీద నిలిచి ఉంటుంది. ఇరుసును పావు చుట్టు త్రిప్పితే బిళ్ళ ప్రవాహానికి అడ్డంగా నిలిచి దారి మూస్తుంది. మళ్ళీ పావు చుట్టు త్రిప్పితే ప్రవాహంతో పాటు అంచు మీద నిలిచి దారి ఇస్తుంది. ఇరుసుకు అటొక అర్ధచంద్రం, ఇటొక అర్ధచంద్రం. అందుకే సీతాకోకచిలుక పేరు. ఫ్రెంచివారు పాపియోఁ అన్నా, స్పెయిన్‌వారు మరిపోసా అన్నా సీతాకోకచిలుకే. జర్మనులు మాత్రం క్లాపే అన్నారు, అంటే పైకీ క్రిందికీ ఆడే మూత.

ఈ ఆకారం కొత్తది కాదు. ఆవిరియంత్రపు వేగాన్ని నిలకడగా ఉంచడానికి జేమ్స్ వాట్ 1788లో రెండు గుండ్లు తిరిగే నియంత్రకాన్ని పెట్టాడు. వేగం పెరిగితే గుండ్లు విడివడి పైకి లేస్తాయి. ఆ కదలిక ఒక కడ్డీద్వారా ఆవిరి గొట్టంలోని బిళ్ళను కొంచెం మూస్తుంది. ఆవిరి తగ్గి, వేగం తగ్గి, గుండ్లు దిగుతాయి. ఆ గొట్టంలోని బిళ్ళ సీతాకోకచిలుక తీరుదే. తరువాత మోటారు కార్లలో పెట్రోలు మంటకు గాలిని కొలిచి ఇచ్చేదీ ఇటువంటి బిళ్ళే. మన కాలు నొక్కేది దానినే.

ఇంత తేలికైన ఆకారం వాట్ కాలం నుంచి ఉండగా, కర్మాగారాల గొట్టాలలోకి విరివిగా రావడానికి 20వ శతాబ్దపు ద్వితీయార్ధం దాకా ఎందుకు ఆగింది? దీని లోపం దీని గుణంలోనే ఉన్నది. గేటు పలక పని లేనప్పుడు గూటిలో దాగుతుంది. ఈ బిళ్ళకు దాగే చోటు లేదు. మూసినా ప్రవాహంలోనే, తెరచినా ప్రవాహంలోనే. గొట్టంలో ఆమ్లం పారితే పగలూ రాత్రీ ఆమ్లంలోనే స్నానం. వాట్ బిళ్ళ ఆవిరిని తగ్గిస్తే చాలు, చుక్క కారకుండా ఆపనవసరం లేదు. కర్మాగారంలో అట్లా కుదరదు. బిళ్ళ అంచు చుట్టూ మెత్తగా ఒదిగే ఆసనం కావాలి, ఎప్పుడూ తడిసి ఉన్నా తినబడని లోహమూ కావాలి. ఆసనానికి కృత్రిమ రబ్బరులు వచ్చాయి. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న టెఫ్లాన్ వచ్చింది. ఇక లోహం సంగతి.

లోహాన్ని గురించి మన వంటింట్లోనే పాఠం ఉన్నది. రాగి, ఇత్తడి పాత్రలలో చింతపండు పులుసు కాస్తే చిలుము దిగి విషమవుతుందని మన అమ్మమ్మలకు తెలుసు. అందుకే కళాయి పూయించేవారు. కళాయివాడు వీధిలోకి వచ్చి, చిన్న గుంటలో బొగ్గులు రాజేసి, పాత్రను కాచి, నవసాగరం చల్లి, తగరాన్ని గుడ్డతో రుద్దితే లోపలంతా వెండివలె మెరిసేది. కాని ఆ పూత తోమినకొద్దీ అరిగిపోయేది. మళ్ళీ కళాయివాడు రావలసిందే. అంటే రక్షణ బయటినుంచి వచ్చినది, అరిగితే తిరిగి రాదు.

1912లో జర్మనీలో క్రుప్ సంస్థవారు, 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ ఉక్కులో క్రోమియం కలిపి తుప్పుపట్టని ఉక్కును సాధించారు. బ్రియర్లీ వెదకినది తుపాకి గొట్టాలు లోపల అరగకుండా చేసే ఉక్కును, చిక్కినది కత్తులకూ పాత్రలకూ తగిన ఉక్కు. క్రోమియం నూటికి పదిన్నర పాళ్ళకు మించితే ఆ ఉక్కు గాలి తగలగానే తనపైన తానే కంటికి కనబడనంత పలుచని క్రోమియం ఆక్సైడు పొరను కప్పుకొంటుంది. గీరితే పోతుంది, ప్రాణవాయువు అందితే మళ్ళీ అదే పుడుతుంది. ఇది తన కళాయి తానే పూసుకొనే లోహం! కళాయివాడు మన వీధులకు రావడం మానేసిన కారణమూ ఇదే. 1970ల నుంచి తెలుగు ఇళ్ళలోకి స్టీలు సామాను వెల్లువగా వచ్చింది. పాత పట్టుచీరలు ఇచ్చి స్టీలు బిందెలు తీసుకొన్న ఇళ్ళు ఎన్నో.

సికిందరాబాదు రాణిగంజి అంగళ్ళలో ఈ ఉక్కును ఎస్సెస్ అంటారు. త్రీ నాట్ ఫోర్ కావాలా, త్రీ సిక్స్‌టీన్ కావాలా అని అడుగుతారు. 304 అన్నది మన గిన్నెల లోహం, నూటికి సుమారు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు. 316లో వాటికి తోడు రెండు మూడు పాళ్ళు మాలిబ్డినం ఉంటుంది. ఉప్పునీటిలోని క్లోరైడులు పొరను పొడిచి గుంటలు చేయకుండా అది అడ్డుపడుతుంది. స్టెయిన్‌లెస్ అన్న పేరు మాత్రం కొంత అతిశయోక్తి అలంకారమే సుమా. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ముందు 316 కూడా నిలువలేదు. అక్కడ బిళ్ళకూ లోపలి గోడకూ టెఫ్లాన్ జాతి పూత పెట్టవలసిందే. ఏ ద్రవానికి ఏ లోహం అన్న విచక్షణ లేకపోతే ఎంత ఖరీదైన తలుపయినా కొద్దికాలంలోనే జల్లెడ అవుతుంది.

ఈ విచక్షణను నేర్పిన చోట్లలో ఒకటి తార్నాకలోనే ఉన్నది. నిజాం ప్రభుత్వం 1944లో శాస్త్ర పారిశ్రామిక పరిశోధనలకు కేంద్ర ప్రయోగశాలలను నెలకొల్పింది. అవే 1956లో కేంద్ర ప్రభుత్వపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలిలో చేరి రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ అయినవి. పాతకాపులు ఇప్పటికీ ఆరారెల్ అనే అంటారు. 1989 నుంచి దాని పేరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ. గాజు కుప్పెలో చెంచాడు తయారైన మందును కర్మాగారంలో టన్నులుగా తయారు చేయడం ఎట్లా అన్నది ఇటువంటి చోట తేలవలసిన ప్రశ్న. గాజు కుప్పెకు వాల్వు అక్కరలేదు, చేయి వంచితే చాలు. టన్నుల లెక్కకు వచ్చేసరికి ప్రతి వంపుకూ ఒక గొట్టం, ప్రతి గొట్టానికీ ఒక తలుపు కావాలి.

1967లో బాలానగర్‌లో ఐడిపిఎల్ వారి కృత్రిమ ఔషధాల కర్మాగారం సోవియట్ సాయంతో వచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమలులోకి వచ్చి, మందుల విషయంలో పదార్థానికి కాక తయారీ పద్ధతికే హక్కు ఇచ్చింది. వేరొక పద్ధతిలో అదే మందును చేయవచ్చునన్నమాట. ఐడిపిఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డిగారి వంటివారు బయటికి వచ్చి సంస్థలు పెట్టారు. ఆయన రెడ్డీస్ ల్యాబొరేటరీస్ 1984లో మొదలయింది. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం, ఆ పైన విశాఖ దగ్గర పరవాడ దాకా మందుల కర్మాగారాలు బారులు తీరాయి. లోపల గాజు పూసిన పాత్రలు, స్టెయిన్‌లెస్ పాత్రలు, వాటిని చల్లబరచే నీటి గొట్టాలు, వేడిచేసే ఆవిరి గొట్టాలు, ద్రావకాల గొట్టాలు, పొడి మందు జారే గొట్టాలు. చల్లని నీటి గొట్టాలలోనూ, పొడి జారే మూతుల దగ్గరా మన సీతాకోకచిలుక తరచుగా కనబడుతుంది. చోటు తక్కువ తీసుకొంటుంది, పావు చుట్టులో పని ముగుస్తుంది, కడగడానికి సులువు.

ఆ పావు చుట్టులోనే ప్రమాదమూ ఉన్నది. పారుతున్న నీటిని చటుక్కున ఆపితే దాని వేగమంతా ఒత్తిడిగా మారి గొట్టం వెంట వెనక్కు తన్నుతుంది. మాస్కో నగరపు నీటి గొట్టాలు ఎందుకు పగులుతున్నవో పరీక్షించి నికొలాయ్ జుకోవ్‌స్కీ 1898లో దీని గణితం చెప్పాడు. సెకనుకు ఒక్క మీటరు వేగంతో పోయే నీటిని ఉక్కు గొట్టంలో తటాలున ఆపితే, సుమారు నూరు మీటర్ల ఎత్తు నీటి స్తంభం మోపినంత ఒత్తిడి పుడుతుంది. అందుకే పెద్ద బటర్‌ఫ్లై వాల్వులకు చేతి పిడి ఉండదు. పళ్ళ చక్రాల పెట్టె ఉంటుంది. ఎంత తొందరపడి చక్రం త్రిప్పినా బిళ్ళ నెమ్మదిగానే కదులుతుంది. తొందరపాటును యంత్రమే ఆపే ఏర్పాటు అది.

చిన్న వాల్వుల చేతి పిడిలో మరొక అందమున్నది. పిడి ఎటు ఉంటే లోపలి బిళ్ళ అటే ఉంటుంది. పిడి గొట్టం వెంట ఉంటే దారి తెరచి ఉన్నట్టు, గొట్టానికి అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. చదువు రానివాడైనా, ఏ భాష వాడైనా పది గజాల దూరంనుంచి చూచి చెప్పగలడు. ఇది అక్షరం లేని లిపి. లోకంలోని లిపులన్నిటిలోకీ పొట్టిది, రెండే వర్ణాలు: వెంట, అడ్డం. గేటు వాల్వు చక్రాన్ని చూచి లోపలి పలక ఎక్కడున్నదో ఇంత సులువుగా చెప్పలేము.

కాని కర్మాగారంలో పిడి చెప్పలేని సంగతులు ఎన్నో ఉన్నాయి. ఈ వాల్వు వెనుక ఏ ద్రవమున్నది, దీనికంటె ముందు దేనిని మూయాలి, గొట్టం కడిగేటప్పుడు ఏమి చేయాలి అన్నవి మాటలతోనే చెప్పాలి. ఎవరి మాటలతో?

1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్‌లో 610వ నెంబరు తొట్టెలోకి నీరు చేరి విషవాయువు వెలువడింది. నీరు ఏ దారిన చేరిందన్న వాదం ఉన్నది. చేరరాని చోటికి చేరిందన్నది నిశ్చయం. గొట్టాలు కడిగేటప్పుడు మూసిన వాల్వును ఒక్కదానినే నమ్మరాదు; అతుకు విప్పి నడుమ గట్టి లోహపు బిళ్ళ బిగించాలన్నది రసాయన కర్మాగారాల ప్రాథమిక సూత్రం. ఆ రాత్రి ఆ బిళ్ళ బిగించలేదని చాలా పరిశీలనలు చెప్పాయి. అక్కడి నిర్వహణ పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవనీ, పనివారిలో పెక్కుమందికి ఆ భాష అంతంతమాత్రమేననీ కూడా చెప్పాయి. వేల ప్రాణాలు పోవడానికి భాష ఒక్కటే కారణమని అనడం సాహసమవుతుంది. పొదుపు పేరిట మూలపడ్డ రక్షణ యంత్రాలు, తగ్గించిన సిబ్బంది, ఇంకా ఎన్నో ఉన్నాయి. కాని తెలియని భాషలో వ్రాసిన హెచ్చరిక హెచ్చరిక కాదన్నది ఆ రాత్రి చెప్పిన పాఠాలలో ఒకటి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ పనిచోట కట్టవలసిన నోటీసులు ఇంగ్లీషుతో పాటు అధికసంఖ్యాకులైన పనివారికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలన్నది. చట్టానికి ఎరుక ఉండేది. ఆచరణ గోడమీది బల్ల దగ్గర ఆగిపోతే ఏమి లాభం?

శాస్త్రాన్ని దేశభాషలో చెప్పే ప్రయత్నం ఈ నగరానికి కొత్తదా? కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని హైదరాబాదులోనే స్థాపించి తెలుగులో చరిత్ర, శాస్త్ర గ్రంథాలు వెలువరించారు. 1917లో నిజాం ప్రభుత్వం దారుల్ తర్జుమా అన్న అనువాద శాఖను పెట్టింది. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో చెప్పడానికి కావలసిన శాస్త్ర పదాలను అరబ్బీ, పారసీ ధాతువులనుంచి పండితులు అక్కడ కూర్చి తయారు చేశారు. ఒక భారతీయ భాషలో ఆధునిక విశ్వవిద్యాలయ విద్య నేర్పవచ్చునని చూపిన ఘనత దానిది. అయితే రాజ్యంలో ఎక్కువమంది నాలుక మీద ఉన్నది తెలుగు. 1948 తరువాత ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది, ఆ పదరాశి చాలావరకు గ్రంథాలయాల అటకలెక్కింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. కళాశాల పాఠ్యగ్రంథాలకు తెలుగు పరిభాష కూర్చింది. కవాటము పుస్తకాలలో నిలిచింది. కర్మాగారంలోకి మాత్రం నడిచి వెళ్ళలేదు.

కర్మాగారంలో ఏమంటున్నారు? వాల్వు, ఇంకా పొట్టిగా వాల్. గేటు వాల్వు, బాల్ వాల్వు, ఎన్నార్వీ, బటర్‌ఫ్లై. ఈ మాటలను వెక్కిరించడం నాకు ఇష్టం లేదు. నీరటికి తూము ఎట్లాగో ప్లంబరుకు వాల్వు అట్లాగే తన మాట అయింది. పండితుడు గదిలో కూర్చుని కూర్చిన పదాన్ని పనివాడు అంగీకరించకపోతే తప్పు పనివానిది కాదు. నిఘంటువు తూముదగ్గరికి పోవాలి కాని, తూము నిఘంటువు దగ్గరికి రాదు.

అందుకే ఒక చిన్న ప్రతిపాదన. బటర్‌ఫ్లై వాల్వును సీతాకోకచిలుక కవాటము అంటే ఏడెనిమిది అక్షరాల పేరుకు మరో మూడు నాలుగు తోడవుతాయి. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు అంత పొడుగు పేరు పిలిచేలోపల ద్రవం దాటిపోతుంది. మన తెలుగులో రెక్క అన్న మాట ఉన్నది. సీతాకోకచిలుకకు ఉన్నది రెక్క. తలుపుకు ఉన్నదీ రెక్కే. రెండు రెక్కల తలుపు, ఒంటి రెక్క తలుపు అని మన వడ్రంగులు అనేదే. అంటే బటర్‌ఫ్లైలోని ఉపమానాన్నీ, లాటిన్ వాల్వాలోని అర్థాన్నీ, సంస్కృత కవాటాన్నీ ఈ రెండక్షరాల దేశి పదం ఒక్కటే మోస్తున్నది! రెక్క వాల్వు అందాము. వాల్వు పనివానిది, రెక్క మనందరిది. 'రెక్క అడ్డం తిప్పు', 'రెక్క గొట్టం వెంట ఉంది చూడు' అంటే శ్రీకాకుళంనుంచి నిన్న వచ్చిన కుర్రవానికీ అర్థమవుతుంది. మిశ్రసమాసమని వ్యాకరణం తెలిసినవారు ఆక్షేపిస్తారేమో. రైలుబండి నడుస్తున్నది కదా!

ఒడిశా, బీహారులనుంచి వచ్చి ఇక్కడి కర్మాగారాలలో పిడి త్రిప్పుతున్న పనివారికి వారి భాషలో ఇదే మేలు జరగాలి. ఒరియాలో, హిందీలో వారి వడ్రంగి మాటేదో వారే చెబుతారు. మనం అడగాలి. అనువాదం చేయించేవారు పరిభాషా సంఘాలను అడిగే ముందు ఒక్కసారి పాకంలో చేయిపెట్టేవానిని అడిగితే, గోడమీది బల్లకు అర్థం వస్తుంది.

2023లో తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ సహాయకులను వేర్వేరు శాఖలలోకి సర్దినప్పుడు కొందరు నీటిపారుదల శాఖలో లస్కర్లయ్యారు. ఆ సహాయకులలో పాత నీరట్ల వంశాలవారూ ఉన్నారు. కొయ్య ఎత్తిన తాత మనుమడు ఇప్పుడు పళ్ళ చక్రం త్రిప్పుతాడు. తాతకు తూము తన భాషలో అందింది. మనుమనికి ఇనుప బిరుదులన్నీ పరభాషలో అందుతున్నాయి. రాయి, కొయ్య పోయి తుప్పుపట్టని ఉక్కు వచ్చింది, సంతోషం. ఆ ఉక్కు తన కళాయి తానే పూసుకొంటుంది. మాట మాత్రం అట్లా పూసుకోలేదు. వాడినకొద్దీ మెరుస్తుంది, వాడకపోతే చిలుము పడుతుంది. మిత్రులలో కర్మాగారాల అనుభవం ఉన్నవారు తమ పనిచోట వినిపించే మాటలను, ఎంత మోటువైనా సరే, వ్రాసి ఉంచవలసిందిగా ప్రార్థన.